పట్టభద్రుని తొలి కొలువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

సంస్కృత మహాభారతమున ఆదిపర్వములో ధౌమ్యుడను గురువు కథ యొకటి కలదు. ఆయన శిష్యులలో ఆరుణి యనువాడొకడు. ఒకనాడు గురువు అతనిని పిలిచి, పొలము గట్టునకు గండి పడినది, పోయి కట్టి రమ్మని పంపెను. వేదము చదువ వచ్చినవానికి గట్టుతో పనియేమని ఆరుణి అడుగలేదు. మట్టి వేసినకొలది నీరు కోసికొనిపోవుచుండెను. తుదకు అతడు తానే గండికి అడ్డముగా పరుండెను. ప్రొద్దు క్రుంకినది. శిష్యుడు తిరిగి రాలేదని గురువు వెదకుచు వచ్చి పేరుపెట్టి పిలిచెను. అప్పుడు గాని ఆరుణి లేవలేదు. గట్టును చీల్చుకొని లేచినందున అతనికి ఉద్దాలకుడను పేరు కలిగినది. ఉపనిషత్తులో తన కుమారుడగు శ్వేతకేతువునకు బ్రహ్మవిద్య నుపదేశించిన మహర్షి ఆ ఉద్దాలకుడే.

ఈ కథ విన్న రైతునకు ఆశ్చర్యము కలుగదు. రాత్రివేళ పార చేతబట్టి నీరు కట్టినవానికి గండి యెట్టిదో తెలియును. ఆశ్చర్యపడువాడు చదువుకొన్నవాడే. వేదాధ్యయనమునకును మట్టిపనికిని పొత్తేమని అతని సందేహము. ఆ సందేహమే నేడు మన బిడ్డలను మరొక రూపమున పీడించుచున్నది.

పట్టము పుచ్చుకొన్న పిమ్మట ఒక కార్యాలయమున కొన్ని నెలలు చేరి పని నేర్చుకొనుటను నేటివారు ఇంటర్న్‌షిప్ అనుచున్నారు. మన పెద్దలు దీనినే శిష్యరికమనిరి. కంసాలి కొట్టులోను, అచ్చాఫీసులోను, దస్త్రములు వ్రాయు ఇండ్లలోను ఇది ఏనాటినుండియో ఉన్నదే. వైద్యుడో ఇంజనీరో కాదలచినవానికి ముందున్న త్రోవ కొంత తెలిసియుండును. బొమ్మలు గీయుట, కథలు వ్రాయుట, ప్రకటనలు కూర్చుట, చలనచిత్రములు తీయుట మొదలగు సృజనాత్మక వృత్తులను కోరి పట్టణమునకు పోవు పల్లెటూరి పట్టభద్రునకు త్రోవయు తెలియదు, తోడును ఉండదు. మూడు నెలలైన తరువాత అతడు ఇంటికి ఫోను చేసి చెప్పు మాట ఒక్కటే: “కథ వ్రాయుదునని వచ్చితిని. వీరు నాచేత ఇతరులు వ్రాసినదానిలో తప్పులు దిద్దించుచున్నారు.” ఇంటివద్ద తండ్రి అప్పు పత్రము చూచుకొనుచుండును. అరుగుమీది పెద్దలు, “బొమ్మలు గీయుట కూడ ఒక ఉద్యోగమా?” అని నవ్వుదురు. ఆ బిడ్డ నిలువవలెనా? తిరిగి రావలెనా? నిలిచినచో దేనికొరకు నిలువవలెను?

ఈ ప్రశ్నకు సిద్ధాంతములతో జవాబు చెప్పుటకంటె, ఒక పట్టభద్రుని తొలి కొలువును మొదటినుండి తుదివరకు పరిశీలించుట మేలు. ఆ పట్టభద్రుడు వంగదేశీయుడు. పేరు సత్యజిత్ రాయ్. వంగదేశమన్నచో మన గ్రంథాలయ పాఠకులకు పరాయి దేశము కాదు. శరత్ బాబు నవలలు తెలుగున చదివి కన్నీరు పెట్టుకొన్న ఇండ్లు మన పల్లెలలో ఎన్నియో కలవు.

సత్యజిత్ రాయ్ 1921 మే 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. తాత ఉపేంద్రకిశోరుడు రచయిత, చిత్రకారుడు, అచ్చు విద్యలో అందెవేసిన చేయి. పిల్లలకొరకు 1913లో ‘సందేశ్’ అను పత్రికను స్థాపించెను. తండ్రి సుకుమార రాయ్ పిల్లల హాస్య కవిత్వమున వంగభాషలో సాటిలేనివాడు. కాని 1923లో, కుమారునకు రెండేండ్లు నిండిన కొద్ది నెలలకే, తండ్రి మరణించెను. తరువాత కొద్ది యేండ్లలో అచ్చుయంత్రములును చేజారినవి. తల్లి సుప్రభాదేవి బిడ్డను వెంటబెట్టుకొని సోదరుని ఇంట చేరి, తాను పని చేసి అతనిని చదివించినది. పేరు గల వంశమే. కాని ఆ పేరు అన్నము పెట్టునది కాదు. మన గ్రామములలోను ఇట్టి యిండ్లు లేకపోలేదు.

సత్యజిత్తు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రము ప్రధాన విషయముగా బి.ఏ. పట్టము పొందెను. అర్థశాస్త్రమున అతనికి మక్కువ లేదు. ఏదైన ప్రకటనల కార్యాలయములో చిత్రకారుడై సంపాదింపవలెనని అతని తలంపు. తల్లి మాత్రము కొన్నాళ్లు రవీంద్రుని శాంతినికేతనమున చదువుమని పట్టుబట్టినది. తల్లి మాట కాదనలేక 1940లో అచ్చటి కళాభవనమున చేరెను. నందలాల్ బోస్, వినోద విహారి ముఖర్జీ అతనికి గురువులు. అచ్చట నున్న కాలముననే అజంతా, ఎల్లోరా మొదలగు చోట్లకు పోయి మన ప్రాచీన శిల్పమును, చిత్రకళను కన్నులార చూచెను. శాంతినికేతన గ్రంథాలయములో చలనచిత్ర కళనుగూర్చి పాల్ రోథా, స్పాటిస్‌వుడ్ అను ఆంగ్లేయులు వ్రాసిన గ్రంథములు ఉండెను. చిత్రలేఖనము నేర్వ వచ్చిన విద్యార్థి వానిని తీసి చదివెను. అప్పటికి అతడు చలనచిత్రములు తీయవలెనని నిశ్చయించుకొన్నవాడు కాడు. చదువువానికి ఏ పుస్తకము ఏనాడు పనికివచ్చునో ముందుగా తెలియదు. అందుచేతనే గ్రంథాలయమున అన్ని విధముల పుస్తకములు ఉండవలెను.

అయిదేండ్ల చదువు ముగియకముందే, 1942 చివర, అతడు శాంతినికేతనము విడిచి వచ్చెను. గొప్ప చిత్రకారుడు కాగల శక్తి తనకు లేదని అతడే గ్రహించెను. తనకు లేనిదానిని గుర్తించుట సామాన్యమైన వివేకము కాదు. 1943 ఏప్రిలులో డి. జె. కీమర్ అను ఆంగ్లేయుల ప్రకటనల సంస్థలో, కలకత్తా కార్యాలయమున, ‘జూనియర్ విజువలైజర్’గా చేరెను. జీతము నెలకు 80 రూపాయలు.

ఈ ‘విజువలైజర్’ చేయు పని యేమి? ఒక వర్తకుడు తన సరుకునుగూర్చి పత్రికలో ప్రకటన వేయదలచును. ఆ ప్రకటన అచ్చునకు పోకముందు, ఏ బొమ్మ ఎచ్చట నుండవలెను, ఏ అక్షరము ఎంత లావుండవలెను, ఎంత కాగితము తెల్లగా విడువవలెను, చదువరి కన్ను మొదట దేనిపై పడి తరువాత ఎటు పోవలెను అని ఆలోచించి నమూనా గీయవలెను. పొలమునకు పాయలు తీసి మడులు కట్టుటవంటి పనియే యిది. అర్థశాస్త్ర పట్టభద్రుడు, అజంతా చూచి వచ్చినవాడు, నందలాల్ బోసు శిష్యుడు, కూర్చుండి గీసినవానిలో మలేరియాకు వాడు పాల్యుడ్రిన్ మాత్రల ప్రకటనలు కూడ ఉన్నవి. ఆ కార్యాలయమున ఆంగ్లేయులకు ఎక్కువ జీతము, మనవారికి తక్కువ. ఆ తేడా అందరి మనస్సులలోను గుచ్చుకొనుచునే యుండెను. ప్రకటన యిచ్చువారి అభిరుచియు అతనికి నచ్చునది కాదు. ఇవి యన్నియు ఉండగా అతడు అచ్చట 3 నెలలు కాదు, 13 సంవత్సరములు పని చేసెను.

ఎందులకు చేసెను? ఇల్లు గడవవలెనని ఒక కారణము. ఆ కారణమును చిన్నచూపు చూడరాదు. రెండవ కారణము, ఆ పనిలో దాగియున్న విద్యను అతడు కనిపెట్టగలిగెను. మాత్రల ప్రకటన గీయుచు అతడు నేర్చుకొన్నది మాత్రలనుగూర్చి కాదు. చతురస్రమైన చోటులో వస్తువులను ఎట్లు నిలుపవలెనో నేర్చుకొనెను. చలనచిత్రపు తెరయు చతురస్రమే. చెప్పదలచినదానిని నాలుగు మాటలలో చెప్పుట నేర్చుకొనెను. గడువునాటికి పని అప్పగించుట నేర్చుకొనెను. వంగ లిపిలోను ఆంగ్ల లిపిలోను అక్షరముల యొంపులు అతని వ్రేళ్లకు వశమైనవి. తరువాతి కాలమున తన చిత్రముల గోడప్రకటనలను, తెరపై పేర్లను అతడే రచించెను. ‘రే రోమన్’ అను పేర కొత్త ఆంగ్ల అక్షరముల మూసను కూడ సృష్టించెను.

ఇక గురువు మాట. ఆ కార్యాలయముననే దిలీప్ కుమార్ గుప్త యను పెద్ద ఉద్యోగి యుండెను. అందరును ఆయనను డి.కె. అని పిలుతురు. ఆయన 1943లో ‘సిగ్నెట్ ప్రెస్’ అను పుస్తక ప్రచురణాలయమును స్థాపించి, ఆ చిన్న యుద్యోగిని పిలిచి అట్టలు గీయుమనెను. జీవనానంద దాసు కవిత్వమునకు, జిమ్ కార్బెట్ పులివేట పుస్తకమునకు రాయ్ గీసిన అట్టలు ఆనాడు వంగదేశమున పుస్తకము ముఖమునే మార్చినవి. ఆ డి.కె. ఒకనాడు విభూతిభూషణ బందోపాధ్యాయుని ‘పథేర్ పాంచాలీ’ నవలకు పిల్లలకొరకు చేసిన సంగ్రహమును అతని చేతికిచ్చి బొమ్మలు వేయుమనెను. ఆ సంగ్రహము పేరు ‘ఆమ్ ఆంటిర్ భేంపు’. మామిడిటెంకతో చేసిన బూర యని దాని యర్థము. ఆ బూర ఊదని బాల్యము మన పల్లెలలో ఉండదు.

అంతవరకు రాయ్ ఆ నవలను చదివియుండలేదు. పట్టణమున పుట్టి పెరిగినవాడు, పల్లెటూరు ఎరుగనివాడు, బొమ్మలు వేయుటకొరకు చదివెను. పేద బ్రాహ్మణుని ఇల్లు, అక్క దుర్గ, తమ్ముడు అపు, వృద్ధురాలగు మేనత్త, వాన, రైలుబండి అన్నియు అతని మనస్సున నిలిచిపోయినవి. ఇది మంచి చలనచిత్రమగునని చెప్పినవాడు డి.కె. యే. అనగా, పై అధికారి అప్పగించిన ఒక చిన్న బొమ్మలపని పది యేండ్ల తరువాత లోకప్రఖ్యాతమైన చిత్రమునకు బీజమైనది. ఆ పని తన స్థాయికి తగదని ఆ యువకుడు త్రోసివేసియున్నచో ఆ బీజము దొరకెడిది కాదు. ఆ నవలను మద్దిపట్ల సూరి తెలుగున అనువదించిరి. చదువనివారు తప్పక చదువవలెను.

అయితే కార్యాలయపు పని మాత్రమే అతనిని కళాకారునిగా చేసెనని చెప్పరాదు. ఆ కుర్చీలో కూర్చున్నవారందరును రాయ్‌లు కాలేదు. అతడు రెండు కొలువులు చేసెను. పగటి కొలువు కీమరు కార్యాలయమునకు, రెండవది తన విద్యకు. ఏదైన నవల చలనచిత్రముగా రానున్నదని తెలిసినచో, ఆ చిత్రము విడుదల కాకముందే తానొక కథనము వ్రాసికొనువాడు. చిత్రము వచ్చినపిమ్మట చూచి, తన వ్రాతను దానితో సరిపోల్చువాడు. ఎచ్చట తాను తప్పెనో, ఎచ్చట వారు తప్పిరో ఆ పోలికలో తేలును. ఇది ఏకలవ్యుని విద్య. మట్టిబొమ్మ ఏమియు చెప్పదు. ఎదుట నిలిపికొని బాణము వేసినవాడే తన గురి తాను దిద్దుకొనవలెను. 1947లో మిత్రులతో కూడి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించెను. గ్రంథాలయము పుస్తకములకు ఎట్టిదో, ఆ సంఘము చలనచిత్రములకు అట్టిది.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వా ‘ది రివర్’ అను చిత్రముకొరకు కలకత్తా వచ్చెను. రాయ్ ఆయనను కలిసికొని, సెలవు దినములలో ఆయన వెంట పల్లెలు తిరిగి తగిన స్థలములు చూపెను. ఆ చిత్రము తీయుచున్నపుడే ఇంకొక శిష్యరికము జరిగినది. సుబ్రత మిత్ర యను ఇరువది యేండ్ల విద్యార్థి అందులో ఏదైన పని కోరెను. పని దొరకలేదు. దూరముగా నిలిచి చూచుటకు మాత్రము అనుమతి దొరకినది. అతడు ఊరక నిలువలేదు. ప్రతి దినమును ఒక పుస్తకము తెచ్చుకొని, ఏ దీపము ఎచ్చట నున్నది, ఛాయాగ్రాహక యంత్రము ఎటు కదలినది, నటులు ఎచ్చటినుండి ఎచ్చటికి నడచిరి అని బొమ్మలు గీసి వ్రాసికొనుచుండెను. కొన్నాళ్లకు, వెనుకటి దృశ్యమున దీపములు ఎట్లున్నవో సరిచూచుకొనుటకు ఛాయాగ్రాహకుడగు క్లాడ్ రెన్వా స్వయముగా ఈ పిల్లవాని పుస్తకమును అడిగి చూచెనట. లెక్క వ్రాసినవాని మాటకు ఎచ్చటనైనను విలువ కలదు.

1950లో కీమరు సంస్థ రాయ్‌ను లండను కార్యాలయమునకు పంపెను. అచ్చట నున్న కొద్ది నెలలలో అతడు 99 చలనచిత్రములు చూచెను. నూటికి ఒక్కటి తక్కువ! వానిలో ఇటలీ దేశపు ‘బైసికిల్ థీవ్స్’ అతని సందేహములన్నిటిని తీర్చినది. పేదవాని సైకిలు దొంగిలింపబడుటయే అందలి కథ. నిజమైన వీధులలో, వృత్తి నటులు కానివారితో తీసిరి. పెద్ద భవనములు, పేరుగల తారలు లేకుండ కూడ గొప్ప చిత్రము తీయవచ్చునని రుజువైనది. తిరుగు ప్రయాణమున ఓడలోనే అతడు ‘పథేర్ పాంచాలీ’కి చిత్రరూపము నాలోచింప మొదలిడెను.

తరువాతి కథ పలువురకు తెలిసినదే. 1952 అక్టోబరు 27న మొదటి దృశ్యము తీసిరి. రెల్లుపూల నడుమ అక్కాతమ్ములు పరుగెత్తు దృశ్యమది. మరుసటి ఆదివారము పోయి చూడగా పూలు లేవు, పశువులు మేసిపోయినవి! మరల పూయువరకు మరొక ఋతువు కాచుకొనవలసివచ్చినది. ఉద్యోగము మానలేదు. సెలవు దినములలో చిత్రీకరణము సాగినది. భీమా పత్రము, గ్రామఫోను పలకలు, భార్య నగలు ఒక్కటొక్కటే తరలిపోయినవి. ఛాయాగ్రాహకుడు ఎవరనుకొన్నారు? ‘ది రివర్’ వద్ద పుస్తకము పట్టుకొని నిలిచిన ఆ సుబ్రత మిత్రయే. అంతకుముందు చలనచిత్ర యంత్రమును అతడు నడిపియుండలేదు. డబ్బు పూర్తిగా అయిపోయి పని నిలిచినపుడు పశ్చిమ వంగ ప్రభుత్వము సాయపడినది. ఆ సొమ్మును రోడ్ల అభివృద్ధి పద్దు క్రింద నమోదు చేసిరి. నవల పేరులో ‘పథము’ అను మాట యున్నదిగదా!

ఆ చిత్రము 1955లో విడుదలయ్యెను. రాష్ట్రపతి స్వర్ణపతకము నందినది. 1956లో ఫ్రాన్సు దేశపు కాన్ ఉత్సవమున ఉత్తమ మానవ పత్రముగా గౌరవింపబడినది. ఆ సంవత్సరముననే రాయ్ ప్రకటనల కొలువునకు స్వస్తి చెప్పెను. రెండవ చిత్రమగు ‘అపరాజితో’లో కాశీనగరపు మండువా యింటిని కలకత్తా స్టూడియోలో నిర్మించిరి. మండువాలో పైనుండి పడు వెలుగునకు నీడ యుండదు. మన మండువా లోగిళ్లలో కూర్చున్నవారెల్లరు ఎరిగినదే. విద్యుద్దీపములకు మాత్రము నీడ తప్పదు. సుబ్రత మిత్ర పైన తెల్లని గుడ్డ పరపించి, దీపముల వెలుగును ఆ గుడ్డపైకి పంపి, దానినుండి తిరిగి వచ్చు మెత్తని వెలుగులో చిత్రమును తీసెను. చూచినవారు నిజమైన కాశీ యనుకొనిరి. ఆ చిత్రమునకు 1957లో వెనిస్ నగరమున స్వర్ణసింహ బహుమానము వచ్చినది.

ఇచ్చట మరొక చిన్న విషయము చెప్పవలెను. రాయ్ తరువాతి చిత్రములకు కథనము, సంభాషణలు, దృశ్యముల బొమ్మలు, దుస్తుల వివరములు, లెక్కలు అన్నియు ఒక విధమైన పుస్తకములలో వ్రాసికొనువాడు. వానిని వంగభాషలో ‘ఖేరొర్ ఖాతా’ అందురు. ఎర్రని గుడ్డ అట్టతో కుట్టిన, కోమట్లు పద్దులు వ్రాసికొను చిట్టాపుస్తకములవి. విలువగల తోలు అట్టల పుస్తకములు అతనికి దొరకక కాదు. కళ యనునది ఆకాశమునుండి ఊడిపడునది కాదని, దినదినము జమ వేసికొనవలసిన పద్దు అని ఆ చిట్టాపుస్తకములు చెప్పుచున్నవి. 1992లో భారతరత్న బిరుదమును, అమెరికా చలనచిత్ర పరిషత్తువారి గౌరవ ఆస్కారును పొంది, ఆ యేడే ఏప్రిలు 23న పరమపదించిన మహానుభావుడు ఆ ఎర్ర చిట్టాలను విడువలేదు.

సభాసదులారా! ఈ కథనుండి యువకులు నేర్వవలసినదేమి? పని చిన్నదని అలుగరాదు. అందులోని విద్య ఏదో వెదకవలెను. తప్పులు దిద్దుమన్నచో, ఏ వాక్యము ఎందుకు చెడినదో వ్రాసికొనవలెను. వంద వాక్యములు దిద్దినవాడు తన వాక్యమును చెడగొట్టుకొనడు. రెండవది, పగటి కొలువుతో తృప్తిపడరాదు. దినమునకు ఒక గంటయైనను తన సొంత విద్యకు కేటాయింపవలెను. ఆ గంట లేనియెడల 13 సంవత్సరములు గడచినను కుర్చీ తప్ప మిగులునది లేదు.

ఇది యువకులకే చెప్పి విడిచినచో అన్యాయమగును. ఆరుణి కథలో ముఖ్యమైన భాగమును మనము మరతుము. ప్రొద్దు క్రుంకగానే గురువు శిష్యులను లెక్కపెట్టుకొనెను. ఒకడు తక్కువైనాడని గుర్తించెను. చీకటిలో పొలమునకు పోయి పేరుపెట్టి పిలిచెను. గట్టుమీద పరుండబెట్టి మరచిపోయినవాడు గురువు కాడు. మహాభారతముననే ఇంకొక గురువు కలడు. విద్య చెప్పని శిష్యునినుండి బొటనవ్రేలు దక్షిణగా పుచ్చుకొన్నవాడు. నేడు ఇంటర్న్‌షిప్ పేరున నెలల తరబడి జీతము లేకుండ పని చేయించుకొని, ఆ పనిపై పిల్లవాని పేరైనను వేయక, విద్యయు చెప్పక పంపివేయువారు కలరు. అది శిష్యరికము కాదు, వ్రేలు పుచ్చుకొనుటయే. మన దేశమున 1961లో చేసిన అప్రెంటిసుల చట్టము, దాని క్రిందికి వచ్చు శిక్షణార్థులకు భృతి ఈయవలెనని విధించినది. ఆ చట్టము పరిధిలోనికి రాని కొలువులెన్నియో యున్నను, దాని వెనుకనున్న ధర్మము అన్నిటికిని ఒక్కటే. రాయ్‌కి మొదటి నెలనుండియే 80 రూపాయలు ముట్టినవి. అది పెద్ద మొత్తము కాకపోయినను, పని చేసినవాడు మనుష్యుడని ఒప్పుకొన్న మొత్తము.

కనుక బయలుదేరు బిడ్డ మూడు ప్రశ్నలు వేసికొనవలెను. భోజనమునకు చాలినంతయైనను ఇచ్చుచున్నారా? పని మొత్తము ఎట్లు జరుగునో దగ్గరనుండి చూడనిచ్చుచున్నారా? ఆరు నెలలకు అప్పగించు పని మొదటి దినపు పనికంటె పెరిగినదా? మూడింటికిని అవునన్నచో ఎంత కష్టమైనను నిలువవలెను. మూడింటికిని కాదన్నచో వెనుకకు వచ్చుట ఓటమి కాదు. రెండు అవును, ఒకటి కాదు అన్నచో పెద్దలతో ఆలోచింపవలెను. అందుకొరకైనను పెద్దలు అరుగుమీద నవ్వుట మానవలెను. నవ్వువారియొద్దకు సలహాకొరకు ఎవరును రారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. సుప్రభాదేవి భర్త పోయి, ఆస్తి పోయి, సోదరుని యింట నున్న దినములలోను కుమారుని శాంతినికేతనమునకు పంపగలిగినది. ఆ చదువు పట్టము ఈయలేదు, ఉద్యోగమును ఈయలేదు. కాని అతని దృష్టిని పెంచినది. బిడ్డ చదివినదెల్ల వెంటనే రూపాయలుగా మారవలెనని కోరుట, నాటు వేసిన మరునాడే కుప్ప నూర్చవలెనని కోరుటవంటిది. అప్పు తెచ్చి పంపవలసినచో, ఎంతవరకు తేగలరో ముందుగా బిడ్డకు దాపరికము లేక చెప్పవలెను. లెక్క తెలిసిన బిడ్డ బాధ్యత నెరుగును. లెక్క తెలియని బిడ్డ దిగులుపడును.

తుదకు గ్రంథాలయముగూర్చి. 25 సంవత్సరములుగా ఈ గదిలో సాయంకాలము దీపము వెలుగుచున్నది. పత్రికకొరకు వచ్చినవాడు పద్యకావ్యము తీసికొని పోయిన దినములు కలవు. శాంతినికేతనపు బీరువాలో రెండు పుస్తకములు ఒక యువకుని కొరకు ఎదురుచూచినట్లు, మన బీరువాలోను ఏ పుస్తకము ఎవని కొరకు కాచుకొనియున్నదో ఎవరికెరుక? ఈ రజతోత్సవ సంవత్సరమునుండి ఒక చిన్న ఆచారము నెలకొల్పినచో బాగుండును. మన ఊరినుండి తొలి కొలువునకు పోవు ప్రతి యువకునకును, ప్రతి యువతికిని, గ్రంథాలయము తరఫున ఎర్ర అట్ట వేసిన చిట్టాపుస్తకము ఒకటి బహూకరింపవలెను. సెలవులకు వచ్చినపుడు వారు ఆ పుస్తకము తెచ్చి, ఏమి నేర్చుకొనిరో ఈ గదిలో పదిమందికి చదివి వినిపింపవలెను. వ్రాసినది తక్కువైనచో, ప్రొద్దు క్రుంకినదని గ్రహించి, గండికడ్డముగా పరుండిన మన బిడ్డ ఏమైనదో విచారించి, పేరుపెట్టి పిలువవలసిన బాధ్యత ఊరిదే.

గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక! బయలుదేరిన బిడ్డలు విద్యతో తిరిగి వత్తురుగాక!

స్వస్తి.